పిడికెడు పిండితో బడి

1884లో లాహోర్‌లో అంజుమన్ హిమాయతె ఇస్లాం అనే సంస్థ ఏర్పడింది. బడులు పెట్టాలని కోరిక, చేతిలో సొమ్ము లేదు. కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి తల్లులను ఒకటే అడిగారు: రొట్టెలకు పిండి తీసేటప్పుడు ఒక పిడికెడు మాకోసం పక్కన పెట్టండమ్మా! ఆ పిండి అమ్మగా వచ్చిన డబ్బు బడులకు ఆసరా అయింది. 1892లో అదే సంస్థ ఇస్లామియా కాలేజీని స్థాపించింది.

మన కోనసీమలో పిండి బదులు బియ్యం ఉంది, కొబ్బరి ఉంది. అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో బడి నిధికోసం పిల్లలు రసీదు పుస్తకంతో గుమ్మంలోకి వస్తే “రేపు రండి” అనేస్తాం. ఆ మాట విన్న పిల్లవాడు మరో గడప ఎక్కడానికి జంకుతాడు. పది రూపాయలైనా ఇచ్చి పంపండి. అదీ లేకుంటే దింపులనాడు నాలుగు కాయలు తీసిపెట్టండి. గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములకూ ఫోనులో ఒక మాట చెప్పండి.

ఒక్క జాగ్రత్త. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయతులో ఉంది. గోడలకు, బెంచీలకు ఆ సొమ్ము వాడరాదని ఎక్కువమంది ఉలమాల అభిప్రాయం. అర్హుడైన పేద విద్యార్థికి ఫీజు నిమిత్తం ఇవ్వవచ్చు. బెంచీలకు సదఖా ఇవ్వండి. ఏది ఇస్తున్నారో రసీదు మీదే రాయించండి. కమిటీ పెద్దలు రెండు లెక్కలూ వేరుగా ఉంచి, జుమా నమాజు తర్వాత చదివి వినిపిస్తే మళ్లీ అడగడానికి మొహం చెల్లుతుంది.

పంతులుగార్లకు ఒక మనవి: ఎవరింట్లో ఎంత ఇచ్చారో మాత్రం తరగతిలో చదవకండి.