అరువు మీద నడిచే బజారు

పల్లెటూరి కిరాణా కొట్టు గోడ మీద ‘అరువు రేపు’ అని రాసుంటుంది. నయాపూల్ అవతలి టోకు బట్టల బజారులో ఎవరైనా ఆ బోర్డు పెడితే, మర్నాటి నుంచి ఈగలు తోలుకోవాల్సిందే! ఇక్కడ బట్ట కన్నా ముందు అమ్ముడయ్యేది గడువు. మరి ఆ గడువుకి ఖరీదు కట్టేదెవరు?

ఇమ్లీబన్ బస్టాండులో జిల్లాల బస్సులు దిగిన చిల్లర వర్తకులు చేతిసంచీతో నడుచుకుంటూనే నయాపూల్‌కి చేరతారు. వంతెన దాటగానే కుడివైపు హైకోర్టు, ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం. వాళ్లకి ఆ రెంటితోనూ పనిలేదు. నేరుగా మదీనా చౌరస్తాకి, అక్కడి నుంచి పత్తర్‌గట్టీ రాతి కమానుల కిందికి వెళ్లిపోతారు. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుణ్యమే ఆ కమానులు. మదీనా బిల్డింగుదీ ఓ కథే... దాని అద్దెలు అరబ్బు దేశంలోని పుణ్యక్షేత్రాల్లో ఉండే పేదలకు చేరాలని కట్టించిన వక్ఫ్ భవనమది.

పంజాబీ సూటు మెటీరియలూ పాలిస్టర్ చీరలూ సూరత్ నుంచి, మరమగ్గాల నూలుబట్ట భివండీ, ఇచల్‌కరంజీల నుంచి, బనియన్లు తిరుప్పూరు నుంచి వస్తాయి. లారీలో బేళ్లు దిగుతాయి, హమాలీలు మోస్తారు, గుమాస్తా తాను విప్పి పరుస్తాడు. సాయంత్రానికి అదే సరుకు పార్శిలై బస్సు టాపెక్కి జిల్లాలకు పోతుంది. చూడ్డానికి అంతే. కానీ సరుకు ఇటు ప్రయాణించినంత వేగంగా డబ్బు అటు ప్రయాణించదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మూడో ట్రిప్పు నుంచీ...

కొత్త బేరగాడికి ఎవరూ ఖాతా తెరవరు. మొదటి ట్రిప్పు నగదే. రెండోదీ నగదే. మూడోసారికి సగం ఇచ్చి సగం రాసుకోమంటాడు. ఊళ్లో కొట్టు ఎక్కడ, ఎవరి తాలూకు అని వాకబు చేసి, తెలిసినవాళ్లెవరైనా పూచీ పడితే అప్పుడు పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది. పై మెట్టు మీదా ఇదే తంతు. సూరత్ వ్యాపారికీ నయాపూల్ దుకాణానికీ మధ్య ఏజెంటు ఉంటాడు. అతడికి దక్కే కమిషన్ సరుకు చూపించినందుకు మాత్రమే కాదు, బాకీ వసూలయ్యేలా చూసినందుకు కూడా.

వెంటనే డబ్బిస్తే ధరలో తగ్గింపు, మూణ్నెల్లు ఆగమంటే తగ్గింపు లేదు. అంటే అరువు ఉచితమేం కాదు. వడ్డీ అన్న మాట వాడకుండా వడ్డీని ధరలోనే కలిపేస్తారు! అయినా బ్యాంకు గడప తొక్కలేని చిన్న కొట్టుకు అదే పెట్టుబడి. లక్ష రూపాయల సరుకు నింపుకోవడానికి చేతిలో లక్ష ఉండక్కర్లేదు. ‘మాట’ ఉంటే చాలు.

ఆ మాటకు 2020లో అగ్నిపరీక్ష ఎదురైంది. పాతబస్తీలో ఏడాది వ్యాపారంలో పెద్ద ముద్ద రంజానుదే. ఆ ఏడాది ఏప్రిల్ నెలాఖరులో మొదలయ్యే ఆ నెల కోసం సరుకు తెచ్చుకునే వేళకే, మార్చి 25 నుంచి లాక్‌డౌన్. మరుసటి ఏడాది దెబ్బ ఇంకా చిత్రమైనది: 2021 మే 14న పండగ, మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. కొనుగోళ్లు కిటకిటలాడాల్సిన చివరి రాత్రులు చీకట్లో కలిసిపోయాయి. బట్ట కుళ్లిపోయే సరుకు కాదు కానీ, ఫ్యాషన్ మారితే అదీ కుళ్లినట్టే.

నలభై అయిదు రోజుల లెక్క

పూర్వం ఈ అరువుకి ఖాతా పుస్తకమే సాక్షి. 2017 జులైలో జీఎస్టీతో బట్ట మీద పన్ను పడింది. సూరత్ వ్యాపారులు ఆ నెలలో రోజుల తరబడి దుకాణాలు మూసి నిరసన తెలిపారు. కానీ ఆ తర్వాత ప్రతి బేలుకీ బిల్లు, ప్రతి బిల్లుకీ తేదీ వచ్చేశాయి. తేదీ ఉంటే ఆలస్యాన్ని లెక్కపెట్టొచ్చు!

నిజానికి చిన్న ఉత్పత్తిదారుకి ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టమే చెప్పింది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కూడా పెట్టింది. అయితే సరుకు కొనేవాడి మీద కేసు వేసి, మళ్లీ అతడికే సరుకు అమ్మగలవాడెవడు? అందుకే చట్టం కాగితం మీదే కునుకు తీసింది. దాన్ని లేపింది 2023 బడ్జెట్. ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షన్‌కి (హెచ్) తగిలించి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. గడువు దాటిన బాకీ మార్చి 31కి అలాగే ఉంటే, ఆ కొనుగోలును ఆ ఏడాది ఖర్చుగా చూపడానికి వీల్లేదు. చెల్లించిన ఏడాదిలోనే చూపాలి. ఉదాహరణకు, పది లక్షల లాభం వచ్చిన దుకాణానికి గడువు దాటిన బాకీ ఇరవై లక్షలుంటే, పన్ను ముప్ఫై లక్షల మీద పడుతుంది!

ఈ లెక్కలో మొదటి మార్చి 31 నాటికే పాతబస్తీ క్యాలెండరు కూడా ఎదురు తిరిగింది. 2024లో రంజాను నెల మార్చి 12న మొదలైంది, పండగ ఏప్రిల్ 11న. జనవరిలో దింపుకున్న సరుకుకి గడువు అప్పటికే తీరిపోయింది, అమ్మకం మాత్రం సగంలో ఉంది. మరుసటి ఏడాది పండగే సరిగ్గా మార్చి 31న వచ్చింది!

పైగా ఇందులో ఓ మెలిక. రక్షణ తయారీదారుకీ సేవలందించేవారికీ మాత్రమే, కొని అమ్మే వర్తకుడికి లేదు. మరమగ్గం యజమానికి నయాపూల్ టోకు వ్యాపారి 45 రోజుల్లో కట్టాలి. కానీ తనకి బాకీపడ్డ జిల్లా దుకాణదారుని అదే గడువుకు కట్టమనడానికి అతడి చేతిలో ఏ సెక్షనూ లేదు. పైన చట్టం, కింద మొహమాటం. ఆ నెలల్లో సూరత్‌కి సరుకు వాపసు వెళ్లింది. ఆర్డర్లు పోతాయన్న భయంతో చిన్న పరిశ్రమగా తమ రిజిస్ట్రేషన్ని తామే వదులుకున్న తయారీదారులూ ఉన్నారు. ఎవరిని కాపాడాలని చట్టం చేశారో వాళ్లే గొడుగు మడిచేశారన్నమాట.

టోకు వ్యాపారి ఇబ్బంది నిజమే. కానీ ‘నమ్మకం మీద నడిచే వ్యాపారం’ అని ముచ్చటగా చెప్పుకునేటప్పుడు ఒక్కటి మరవకూడదు... ఈ గొలుసులో చివర ఉన్నవాడు ఎవరికీ అరువు పెట్టే స్థితిలో లేడు, అయినా పెడుతున్నాడు. సిరిసిల్లనే చూడండి. అక్కడ యజమాని నూలు ఇస్తాడు, ఆసామి మగ్గాలు నడిపిస్తాడు, కార్మికుడు నేస్తాడు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారైంది. 2024లో ఆ బకాయిలు నిలిచిపోయి, కొత్త ఆర్డర్లూ లేక మగ్గాలు ఆగితే, నేతన్నలు రోడ్డెక్కారు. కొనేది సర్కారైనా, సేటైనా, ఆలస్యం దిగేది మాత్రం మగ్గం గుంట దాకా.

ఇప్పుడు ఫోనులోనే దుకాణం

సూరత్ వ్యాపారులు వాట్సప్‌లో చీరల వీడియోలు పెడుతున్నారు. మారుమూల మండలంలోని కొట్టువాడు కూర్చున్నచోటే ధర చూసుకుంటున్నాడు. నయాపూల్ ధరతో పోలిస్తే తేడా కనబడుతుంది కూడా. మరి ఇంకా బస్సెక్కి ఇక్కడిదాకా రావడమెందుకు? ఫోనులో కనిపించే వ్యాపారి ముందు డబ్బు పంపమంటాడు. వచ్చిన చీర రంగు వేరైతే ఫోనెత్తడు. మదీనా దుకాణదారు మాత్రం పాత బాకీలో కాస్త తీసుకుని, అమ్ముడుపోని నాలుగు తానులు వెనక్కి పెట్టుకుని, కొత్త పార్శిలు కట్టించి, మిగతాది వచ్చే ట్రిప్పులో చూద్దామంటాడు.