బొమ్మ సందులో పడిన రంగును తీసేదెట్లా?

తొండూరు: దసరా దగ్గరపడితే కొలువు పెట్టే ఇళ్ళల్లో అటక మీది బొమ్మలు కిందికి దిగుతాయి. ఏడాదంతా పొగ, దుమ్ము పట్టిన కొండపల్లి బొమ్మలు వెలిసిపోయి కనిపిస్తాయి. ప్రొద్దుటూరు నుంచో, పులివెందుల నుంచో చిన్న డబ్బా ఎనామిల్ రంగు తెచ్చి ఇంట్లోనే పూసుకొనేవారున్నారు. పైపైన పూయడం సులువే. చిక్కంతా సందుల్లోనే. అంబారీ ఏనుగు కడుపు కింద, ఎడ్లబండి చక్రం వెనుక రంగు కారితే వేలూ పోదు, గుడ్డా పోదు. తోచక నీళ్ళలో ముంచి కడుగుతారు. బొమ్మ చెడేది అక్కడే.

కొండపల్లి బొమ్మ ఒకే కొయ్యతో చెక్కింది కాదు. తెల్లపొణికి అనే తేలికపాటి మెత్తని కర్రతో కాళ్ళు, చేతులు, తొండం వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. దాని మీద సున్నం పూత, ఆపైన రంగు. నీళ్ళు తగిలితే అతుకు నానుతుంది, సున్నం లేచిపోతుంది. మరక పోయినా చెయ్యి ఊడుతుంది.

కారిన రంగు పచ్చిగా ఉంటే పొరక పుల్ల కొనకు కొంచెం దూది చుట్టి, టర్పెంటైన్‌లో అద్ది, బాగా పిండాలి. సందు లోపలి నుంచి బయటికి ఒక్కసారే లాగాలి. దూది మార్చి మళ్ళీ లాగాలి. అటూ ఇటూ రుద్దితే గోరంత మరక అరచేతంత అవుతుంది. దీపం దరిదాపుల్లో ఈ పని పెట్టుకోరాదు.

సగం ఆరిన రంగును మాత్రం ముట్టుకోరాదు. మీగడ కట్టిన పాలను కదిపినట్టు ముడుతలు పడుతుంది. ఆత్రం ఆపుకొని రెండు రోజులు నీడన ఉంచాలి. గట్టిపడ్డాక పాత కుంచె పిడికి సూది గుచ్చి, ఉబ్బిన చుక్కను మాత్రం మెల్లగా గీకి, అసలు రంగును అద్దాలి. పసుపు మీద నలుపు పడి ఉంటే ముందు తెలుపు అద్ది, ఆరాక పసుపు పూయాలి. లేకుంటే నలుపు తొంగిచూస్తుంది.

గీకేటప్పుడు పిల్లలను దగ్గరికి రానివ్వరాదు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశముంది. అది పిల్లల మెదడుకు హాని. ఇళ్ళకు వాడే రంగుల్లో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన 2017 నవంబరులోనే అమలుకు వచ్చింది. తాతలనాటి బొమ్మలకు ఆ భరోసా లేదు. కింద పాత కాగితం పరిచి, రాలిన పొడిని ఊదకుండా తడిగుడ్డతో నేలను తుడిచి, ఆ గుడ్డను పారేయాలి.

కొత్తగా పూసేటప్పుడు కడుపు కింద, చంకల్లో ముందు పూసి, పైభాగానికి తర్వాత వస్తే ఈ తంటా సగం తప్పుతుంది. కుంచెకు రంగు తక్కువ పట్టించాలి.

ఇంత చేసినా చెయ్యి ఊడితే బొమ్మను పారేయనక్కర లేదు. చింతగింజలకు పల్లెల్లో కొదవా? వేయించి, పొట్టు తీసి, నానబెట్టి మెత్తగా రుబ్బి, వడ్రంగి కొట్టం నుంచి గుప్పెడు రంపపు పొట్టు తెచ్చి కలిపితే అతుకు ముద్ద సిద్ధం.