ఆకలికి వేళ చూడని గన్నవరం సీతమ్మ

(మా గ్రామీణ విలేకరి)

పి.గన్నవరం: డొక్కా సీతమ్మ గారి చేతి అన్నం తిన్నవారెవరూ ఇప్పుడు మన మధ్య లేరు. తిన్నవారి మనవలు కూడా ముసలివారయ్యారు. ఆ మహాతల్లి 1909 ఏప్రిల్ 28న కన్నుమూశారు. అయినా కోనసీమలో ఏ ఇంట్లోనైనా ఇల్లాలు వేళగాని వేళ వచ్చిన చుట్టానికి విసుక్కోకుండా వడ్డిస్తే, పెద్దలు ఈనాటికీ "సీతమ్మ తల్లిలా పెట్టావమ్మా" అంటారు. ఒక గృహిణి పేరు ఇంతకాలం జనం నోట నిలవడం సామాన్యమైన సంగతి కాదు.

గన్నవరమంటే విమానాశ్రయం ఉన్న కృష్ణా జిల్లా గన్నవరం కాదు. ఇది లంకల గన్నవరం. 2022 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఏర్పడిన కోనసీమ జిల్లాలోకి వచ్చింది. ఊరి పక్కనే వైనతేయ గోదావరి.

సీతమ్మ గారు 1841లో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. ఆకలితో వచ్చినవారికి లేదనకుండా బువ్వ పెట్టేవాడు గనుక తండ్రిని ఊరివారు 'బువ్వన్న' అని పిలిచేవారట. అంటే కూతురికి ఆ గుణం పుట్టింటి నుంచి వచ్చిందే. తల్లి చిన్ననాడే పోవడంతో ఇంటి బాధ్యతంతా ఆ పిల్ల మీద పడిందని చెబుతారు.

ఆమె పుట్టిన కాలం ఎటువంటిదో కూడా తలచుకోవాలి. 1833లో కరువు, 1839లో కోరంగి ఉప్పెన ఈ ప్రాంతాన్ని కుదిపివేశాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే గోదావరి నీళ్లు సముద్రం పాలై, పక్కనున్న పొలాలు ఎండిన రోజులను ఆమె పసితనంలో చూసి ఉండాలి. అటువంటి రోజుల్లో పెరిగిన పిల్లకు అన్నం విలువ వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు వేదం చదువుకున్నవారు, పొలం పుట్ర ఉన్నవారు. ఒకసారి మండపేట వెళ్లినప్పుడు బువ్వన్న గారింట భోజనం చేశారట. ఆ ఇంటి పిల్ల అతిథులను ఆదరించిన తీరు చూసి, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నిశ్చయించుకున్నారని పెద్దలు చెబుతారు. అలా ఆమె కోనసీమ కోడలయ్యారు.

అప్పట్లో ఇక్కడికి ఇప్పటిలా బస్సులు లేవు. లంకల వారు, అంతర్వేది యాత్రికులు, పెళ్లివారు, కూలి పనులకు వెళ్లేవారు అందరూ పడవ దిగి నడవవలసినవారే. రేవులో పడవ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి అర్ధరాత్రి. హోటళ్లు లేవు. పూటకూళ్ల ఇల్లు ఉన్నా చేతిలో డబ్బు ఉండాలి, పైగా కులం అడుగుతారు. అటువంటి దారిలో వేళ అడగకుండా, కులం అడగకుండా విస్తరి వేసే ఇల్లు ఒకటి ఉందంటే ఆ కబురు ఎంత దూరం పాకుతుందో చెప్పాలా? బ్రాహ్మణ కుటుంబంలోని ఇల్లాలు ఆ రోజుల్లో అందరికీ అన్నం పెట్టడం వెనుక ఎంత ధైర్యం ఉందో నేటి యువతకు అంత సులువుగా తెలియదు.

ఇక ఆ పని కష్టం ఎంతటిది! నేటి ఆడవారికి మిల్లు బియ్యం ఉంది, గ్యాసు ఉంది. అప్పుడు ధాన్యం దంచితే బియ్యం, చెరిగితే నూక పోవడం, వానాకాలంలో తడిసిన కట్టెలు ఊది ఊది కళ్లు మండడం. పదిమందికి ఎసరు పెట్టాక ఇంకో పదిమంది వస్తే మళ్లీ పొయ్యి రాజేయాలి. దానం అనగానే మనకు ధాన్యం గాదెలే గుర్తుకొస్తాయి గాని, పొయ్యి ముందు కూర్చున్న మనిషి నడుము గుర్తుకు రాదు. ఒక పూట చేయడం వేరు, ఏళ్ల తరబడి చేయడం వేరు.

ఆమె గురించి చెప్పుకునే కథలలో అంతర్వేది కథ అందరికీ తెలిసినదే. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకోవాలని ఆమెకు ఎన్నాళ్ల నుంచో కోరిక. ఇంటి పని వదిలి కదలడానికి వీలు చిక్కేది కాదు. చివరికి ఒకసారి బయలుదేరారు. దారిలో విశ్రాంతి తీసుకుంటుండగా ఎదురుగా వస్తున్న పెళ్లివారి మాటలు చెవినపడ్డాయి. ఆకలితో ఏడుస్తున్న పిల్లలను "ఇంకాస్త ఓపిక పట్టండి, గన్నవరం చేరితే సీతమ్మ గారింట కడుపునిండా అన్నం" అని సముదాయిస్తున్నారట. తాను ఇంట్లో లేకపోతే వీళ్లకు అన్నం ఎవరు పెడతారని ఆమె అక్కడి నుంచే వెనుదిరిగి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరి వంట మొదలుపెట్టారని చెబుతారు.

ఇంకొకటి వరద రాత్రి కథ. హోరువానలో, నది పొంగిన వేళ, అవతలి లంక నుంచి ఆకలి అని ఎవరో పెట్టిన కేక వినిపించిందట. సీతమ్మ గారు అన్నం మూటకట్టి ఇవ్వగా, జోగన్న గారు ఆ వరదలోనే పడవ మీద వెళ్లి ఇచ్చి వచ్చారట. వైనతేయ వరద చూసినవారెవరికైనా ఆ పడవ ప్రయాణమంటే ఏమిటో తెలుసు. నా మటుకు నాకు ఈ కథలో జోగన్న గారే ఎక్కువ కనిపిస్తారు. పొలంలో పండినదంతా వచ్చేపోయేవారి విస్తళ్లలోకి పోతుంటే, ఏ భర్త అయినా ఒకరోజు కాకపోతే ఒకరోజు "ఇక చాలు" అంటాడు. ఆయన అన్నట్టు ఏ కథలోనూ లేదు. ఆస్తి కరిగిపోతున్న రోజుల్లో పొలంలో తవ్వుతుంటే ఆయనకు బంగారు నాణాల బిందె దొరికిందని కూడా చెప్పుకుంటారు. బిందె మాట ఎలా ఉన్నా, లంక నేలను నమ్ముకున్న రైతు చెమట ఆ గాదెలు నింపిందని మాత్రం నమ్మవచ్చు.

ఆమె పేరు సీమదాకా వెళ్లింది. 1902లో పట్టాభిషిక్తుడైన ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకు ఆమెను ఆహ్వానించారని, పేరు కోసం అన్నం పెట్టడం లేదంటూ ఆమె రానన్నారని ప్రసిద్ధి. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. రాకపోతే పోనీ, ఫొటో అయినా పంపమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. దానికీ ఆమె ఒప్పుకోలేదు. ఫొటో లేకుండా వెళితే తన ఉద్యోగానికి ముప్పని కలెక్టరు బతిమాలగా, తన మూలంగా ఒకరి కూడు పోకూడదని అప్పుడు కూర్చున్నారట. ఆ ఫొటోను ఉత్సవంలో కుర్చీలో ఉంచి గౌరవించారని చెబుతారు. చక్రవర్తి గౌరవం సంగతి పక్కన పెడితే, ఫొటోకు కూర్చోవడంలో కూడా ఎదుటివాడి తిండి గురించే ఆలోచించిన మనిషి ఆమె.

వైనతేయ మీదుగా కాలువ నీటిని అవతలి ఒడ్డుకు చేర్చడానికి 1850లలో ఇంగ్లీషువారు ఇక్కడ అక్విడక్టు కట్టారు. సీతమ్మ గారి కాలంలో ఆ కమానుల మీదుగానే నీళ్లు పారాయి. అది పాతబడ్డాక పక్కనే కొత్తది కట్టి, 2000లో దానికి డొక్కా సీతమ్మ అక్విడక్టు అని పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు కూడా ఆ పేరుతోనే భోజనం పెడుతున్నారు.

పేరు పెట్టినవారు ఒక్క సంగతి గమనించాలి. ఆ ఇంట్లో వచ్చినవారికి పలచని చారు పోసి పంపారని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పుకోలేదు. పథకం నడిపేవారు బియ్యం ఎలా ఉన్నాయో, పప్పు ఉడికిందో లేదో అప్పుడప్పుడు పిల్లల పక్కన కూర్చుని తిని చూడాలి. తల్లిదండ్రులు కూడా వారానికొకరైనా బడికి వెళ్లి వంటగదిలోకి తొంగిచూడవచ్చు. పొయ్యి దగ్గర వంట చేస్తున్న ఆయాను కూడా ఒక్కసారి పలకరించి, "నువ్వు తిన్నావా అమ్మా" అని అడిగి రావచ్చు.