చేని కాపలా తుపాకిని కొనుటకు ముందు

అడవిపందుల బెడద గల పల్లెలందు, లైసెన్సు గలవారు తక్కువ వెలకు పాత తుపాకి దొరకునేమో యని విచారించుట కలదు. చాలకాలము తుపాకుల మరమ్మతు పనిలో నున్నవాడను గనుక, 12 బోరు జంటగొట్టముల తుపాకిని నేనెట్లు పరీక్షింతునో మనవి చేసెదను.

కఱ్ఱకు పూసిన మెఱుగును, ఉక్కుమీది చెక్కడమును చూచి వెల కట్టరాదు. తోటా ప్రేలునపుడు బలమంతయు గొట్టముమీదను, అది మూసికొను తావుమీదను పడును. కాల్చువాని కన్నులును, ఎడమచేతి వ్రేళ్లును దానికి దగ్గఱనే యుండును గదా! కావున ఆ రెండింటినే ముందు చూడవలెను.

మొట్టమొదట తుపాకిని తెఱచి, రెండు గొట్టములును ఖాళీయని కంటితో చూచి, వ్రేలితో తడిమి తెలిసికొందును. అమ్మువాని మాట చాలదు.

పిమ్మట గొట్టములను విడదీసి వెలుతురు వైపు పట్టి లోపల చూతును. వెలుగు వలయములు వలయములుగా కనబడును. ఒకచోట వలయము విఱిగినట్లున్న సొట్ట యున్నది. నల్లని కట్టువలె నీడ యున్న అది ఉబ్బు. సొట్టను నేర్పరి సరిచేయగలడు. ఉబ్బినచోట లోహము సాగియున్నది గనుక అట్టి తుపాకిని నేను కొననిత్తును కాను. త్రుప్పు తిని లోతుగా గుంటలు పడినదియు నట్టిదే.

తరువాత గొట్టముల జంటను కొక్కెము వద్ద వ్రేలాడదీసి, చిన్న కఱ్ఱతో మెల్లగా తట్టుదును. గంటవలె మ్రోగిన అతుకులు గట్టివి. పగిలిన కుండవలె పలికిన అతుకు వదలినదని యనుమానింపవలెను.

మరల బిగించి, గొట్టముల క్రింది కఱ్ఱను మాత్రము తీసివైచి, తుపాకిని మూసి, వెనుక కఱ్ఱను పట్టి ఊపుదును. కీలు వదలిన తలుపువలె కదలిన, మూసికొను తావు అరిగినదన్నమాట. ఆ సందున వెలుతురు కనబడిన నింకను చెడ్డది. దీనిని ఊరి కమ్మరిచేత బాగుచేయింపరాదు.

మందులేని ఉత్త తోటాలు పెట్టి మీటలను చూతును. భద్రపు మీట వేసియుండగా ట్రిగ్గరు లాగినను దెబ్బ పడరాదు. అది తీసియుండగా, వెనుక కఱ్ఱను నేలపై మెల్లగా తాటించినను పడరాదు.

కడపట ముద్రలు. అధికమగు మందుతో కాల్చి పరీక్షించి, నిలిచిన గొట్టముపై ముద్ర వేయుట ఆచారము. ఇంగ్లండులోని బర్మింగుహాము పరీక్షాలయము 1813లో చట్టముచే నేర్పడినది. పొగమందుకు మాత్రమే పరీక్షింపబడిన పాత గొట్టములలో నేటి పొగలేని మందు తోటాలు వాడరాదు. తోటా గది పొడవు 65 మిల్లీమీటర్లా, 70 మిల్లీమీటర్లా యనియు చూడవలెను. 70 తోటా 65 గదిలో సుళువుగా దూరును; కాని ప్రేలినపుడు దాని మడత విచ్చుకొనుటకు చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగును.

ఒక పౌను సీసమును 12 సమమైన గుండ్లు చేసిన, ఒక గుండు పట్టునంత రంధ్రము 12 బోరు. 20 బోరు అంతకన్న చిన్నది. 20 బోరు తోటా 12 బోరు గొట్టములోనికి జారి నిలిచిపోవును. అది తెలియక వెనుక మఱియొక తోటా పెట్టి కాల్చిన గొట్టము బ్రద్దలగును. అందువలన రెండు రకముల తోటాలను ఒకే సంచిలో ఉంచరాదు.

1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనివానికి తుపాకి నమ్మరాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము వేఱుగా నున్నది. చేతిలో లైసెన్సు ఉన్నంతమాత్రమున అడవిమృగమును కాల్చు హక్కు రాదు.

పై పరీక్షలన్నిటికి అరగంట చాలును. అమ్మువాడు ఆ అరగంట యీయనిచో, ఎంత చవుకయైనను ఆ తుపాకి మనకు వలదు.