పాత ట్రాక్టరు కొనే ముందు ఆయిలు చూడాలి

మండపేట: కొబ్బరితోటలో చెట్ల నడుమ తిరగడానికి చిన్న ట్రాక్టరు అనువు. కొత్తది కొనే స్తోమత లేని రైతుకు పాతదే దిక్కు. అయితే రంగు చూసి మోసపోరాదు. దమ్ములో తిరిగిన బండికి సీళ్లు అరిగితే గేరుబాక్సులోకి నీరు చేరుతుంది. అక్కడి ఆయిలు పాలలా తెల్లబడితే బేరం మానుకోవడమే మేలు. ఇంజను చల్లగా ఉండగా స్టార్టు చేయించాలి. నీలిపొగ ఆగకుండా వస్తే మరమ్మతు ఖర్చు తప్పదు.

ఆర్.సి.లో బ్యాంకు పేరుంటే అప్పు తీరినట్లు పత్రం, ఫారం 35 అడగాలి. 29, 30 ఫారాలపై అమ్మేవారి సంతకాలయ్యాకే పూర్తి సొమ్ము ఇవ్వాలి.

ఇంటికి తెచ్చాక ఆయిళ్లు, ఫిల్టర్లు మార్చాలి. రోటవేటరును తిప్పే షాఫ్టుపై తొడుగు లేనిదే పని మొదలుపెట్టరాదు. పంచె కొస చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు.