ఆ ఎర్రర్ ఎవరి గొంతు?

ఫారం నింపి సబ్మిట్ నొక్కాక తెల్లటి తెర మీద 1045 అనో 2002 అనో ఒక నంబరు కనబడితే, నింపిన మనిషి విసుక్కుని వెళ్ళిపోతాడు. సైటు నడిపేవాళ్ళకి మాత్రం ఆ మొదటి అంకెలోనే సగం జవాబు ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో వెయ్యి వరస ఎర్రర్లు డేటాబేస్ సర్వర్ పంపేవి. రెండు వేల వరసవి ఇవతలి ప్రోగ్రాము తనంతట తాను చెప్పేవి. అంటే 1045 వస్తే అవతల ఎవరో పలికి, కాదన్నారు. 2002 వస్తే పలికే దిక్కే లేదు. చాలామంది ఈ తేడా చూడకుండా పాస్‌వర్డులు మార్చుకుంటూ కూర్చుంటారు.

ఈ రెండు గొంతులూ, ఇవతల పీహెచ్‌పీ, అవతల మైఎస్‌క్యూఎల్, ఒకే ఏడాది లోకానికి వినబడ్డాయి. గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన రెజ్యూమేని ఇంటర్నెట్‌లో ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోడానికి సీ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఇచ్చేశాడు. ఫారంలో నింపినదాన్ని చదివే పని కూడా కలిసి, అదే పీహెచ్‌పీగా పెరిగింది. ఆ 1995లోనే మాంటీ విడెనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ స్వీడన్‌లో మైఎస్‌క్యూఎల్‌ను మొదలుపెట్టారు. అప్పటికే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఎంఎస్‌క్యూఎల్ అనే చిన్న డేటాబేస్ ఉంది. దాన్ని వాడి చూసి, వేగం చాలక సొంతది రాసుకున్నారు. కానీ ప్రోగ్రాములు దాన్ని పిలిచే పద్ధతిని దాదాపు అలాగే ఉంచారు. ఎంఎస్‌క్యూఎల్ కోసం రాసినవాటిని మైఎస్‌క్యూఎల్‌కి మార్చుకోడం అందుకే సులువైంది. ఫ్రీగా దొరికే ఈ జంట మీద సగం వెబ్ లేచి నిలబడిందంటే పెద్ద అతిశయోక్తి కాదు.

ఇంతకీ సబ్మిట్ నొక్కాక జరిగేదేమిటి? పీహెచ్‌పీ వెళ్ళి 3306 పోర్టు తలుపు తడుతుంది. ముందు మాట్లాడేది తట్టినవాడు కాదు, లోపలున్న సర్వర్. తన వెర్షనూ, ఈ కనెక్షన్‌కి ఇచ్చిన నంబరూ, అప్పటికప్పుడు పుట్టించిన 20 బైట్ల గజిబిజీ పంపుతుంది. ప్రోగ్రాము తన పాస్‌వర్డును ఆ గజిబిజితో కలిపి నలగ్గొట్టి, ఆ పిప్పిని వెనక్కి పంపుతుంది. అసలు పాస్‌వర్డు మామూలుగా తీగ మీదికి రాదు. సర్వర్ యూజర్ పేరుతో పాటు ఏ మెషీన్ నుంచి వచ్చాడో కూడా చూస్తుంది. ఒకే పేరుతో ఇదే మెషీన్ నుంచి వచ్చినవాడూ, వేరే మెషీన్ నుంచి వచ్చినవాడూ దాని లెక్కలో ఇద్దరు. సైటును కొత్త హోస్టింగ్‌కి మార్చగానే 1045 ఎదురవడానికి తరచుగా ఇదే కారణం.

1045 వాక్యం చివర బ్రాకెట్లో 'యూజింగ్ పాస్‌వర్డ్: నో' అని ఉందేమో చూడండి. ఉంటే పాస్‌వర్డు తప్పు కాదు, అసలు పంపనే లేదు. ప్రోగ్రాము కాన్ఫిగ్ ఫైల్‌ను చదవలేదు, లేదా అందులో పాస్‌వర్డు సెట్టింగ్ పేరు తప్పు రాశారు.

2002 సంగతి ఇంకా విచిత్రం. లినక్స్‌లో లోకల్‌హోస్ట్ అని రాస్తే 3306 దాకా వెళ్ళనే వెళ్ళదు. డిస్కు మీద ఉండే సాకెట్ అనే ఫైల్ దారి పడుతుంది. 127.0.0.1 అని రాస్తే నెట్‌వర్క్ దారి. అలా మార్చగానే పనిచేసిందంటే సర్వర్ బతికే ఉంది, పీహెచ్‌పీకి తెలిసిన సాకెట్ చిరునామానే తేడా. బ్రాకెట్లో 2 ఉంటే ఆ ఫైలే లేదు. 13 ఉంటే ఫైలుంది, ముట్టుకునే అనుమతి లేదు. 111 ఉంటే అవతల వినేవాడు లేడు.

1040 వస్తే లోపల జాగా నిండిపోయింది. మామూలుగా 151 కనెక్షన్లకే అనుమతి, అడ్మిన్ లోపలికొచ్చి చూసుకోడానికి ఇంకొకటి. చివరి తేదీ రాత్రి దరఖాస్తుల సైట్లు పడకేయడానికి ఇదీ ఒక కారణం. 2006 మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. సర్వర్ వెళ్ళిపోయిందంటుంది గానీ, ఫారంలో పెద్ద ఫొటో పెట్టినప్పుడు డేటా పొట్లం (ప్యాకెట్) పరిమితి దాటితే కనెక్షన్ తెంచేసేది ఆ సర్వరే. అసలు కారణం కోసం దాని లాగ్ చూడాలి.

ఎర్రర్ కనబడితే నయమే. పాత ట్యుటోరియల్స్ చాలావరకు 'ఆర్ డై' అని రాయించి, యూజర్ పేరుతో సహా లోగుట్టును వచ్చిన ప్రతివాడికీ చూపించాయి. అది తప్పే. నన్నడిగితే ఏమీ చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 తీసేసింది. వాటి బదులు వచ్చిన మైఎస్‌క్యూఎల్‌ఐ కూడా, క్వెరీ ఫెయిలైతే ఫాల్స్ అని మాత్రం ఇచ్చి ఊరుకునేది. ప్రోగ్రామర్ దాన్ని చూడకపోతే పేజీ మీద 'ధన్యవాదాలు' వచ్చేది, టేబుల్లో వరస ఉండేది కాదు. 2021 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.1 నుంచి గానీ అది దానంతటది గొడవ చేయడం మొదలుపెట్టలేదు.

తెలుగువాళ్ళకి ఇంకో తలనొప్పి. మైఎస్‌క్యూఎల్ పుట్టింది స్వీడన్‌లో కాబట్టి, 2018లో 8.0 వచ్చేదాకా ఎవరూ ఏమీ చెప్పకపోతే దాని అక్షరాల పెట్టె లాటిన్-1, వరస స్వీడిష్ అకారాది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు కావాలి. కనెక్షన్ కూడా లాటిన్-1 అనే అనుకుంటే ఆ బైట్లు ఉన్నవున్నట్టే లోపలికెళ్తాయి. తర్వాత చూస్తే తల మీద గీతున్న రోమన్ అక్షరం, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనబడతాయి. వీటిని బాగుచేయొచ్చు. కనెక్షన్ యూటీఎఫ్-8 అయి, కాలమ్ లాటిన్-1 అయితే మాత్రం పాత సర్వర్లు ఒక్కో అక్షరం బదులు ఒక్కో ప్రశ్నార్థకం రాసిపెట్టి, చిన్న వార్నింగ్‌తో సరిపెట్టేవి. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి, సరిపడని డేటాను ఒప్పుకోని స్ట్రిక్ట్ మోడ్ మామూలైంది కాబట్టి ఇప్పుడు 1366 ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఆపకముందు పడిన ప్రశ్నార్థకాల వెనక ఏ పేరుందో సర్వర్‌కీ తెలియదు. ఆ మనిషికి ఫోన్ చేసి మళ్ళీ చెప్పించుకోవాల్సిందే.