పొయ్యి మీద పుట్టిన గుండు

హైదరాబాద్ కిషన్‌బాగ్ నుంచి కూతవేటు దూరంలోని నెహ్రూ జూ పార్కులో ఏనుగు ముందు నిలబడ్డ పిల్లలు దాని ఆకారం చూసి నోరు వెళ్లబెడతారు. 19వ శతాబ్దపు వేటగాడికి మాత్రం ఏనుగంటే ఒక లెక్క. మూడు, నాలుగు టన్నుల జంతువు మీదికి దూసుకొస్తుంటే దాన్ని నిలవరించడానికి ఎంత సీసం కావాలి? శామ్యూల్ బేకర్ అనే ఇంగ్లిష్ యువకుడు 1840లో బ్రిస్టల్‌లోని గిబ్స్ కంపెనీ చేత ప్రత్యేకంగా చేయించుకున్న రైఫిల్ ఆ లెక్కకు ఒక జవాబు. దాని గొట్టం మూడడుగులు. బరువు 21 పౌన్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు. అది పేల్చే ఒక్కో గుండు 3 ఔన్సులు, మన లెక్కలో 85 గ్రాములు. దాన్ని భుజాన వేసుకుని అతను సిలోన్ అడవులన్నీ తిరిగాడు.

అంతటి గుండ్లు బజార్లో పొట్లం కట్టి అమ్మేవి కావు. ఆ కాలంలో మంచి రైఫిల్ కొంటే దాని పెట్టెలోనే గుండ్లు పోసుకునే సాంచా కూడా వచ్చేది. ఏ రెండు తుపాకుల గొట్టాలూ అచ్చంగా ఒకే కొలతలో ఉండని రోజులవి. కాబట్టి ఎవరి తుపాకికి తగ్గ సాంచా వాళ్లదే, అది పోతే తుపాకి ఉన్నా లేనట్టే. చూడ్డానికి అది అచ్చం అడకత్తెర. రెండు పిడులు, ఒక కీలు, మూసుకునే రెండు దిమ్మల్లో చెరో అరగుండు గుంట. పైన చిన్న రంధ్రం. శిబిరంలో నిప్పుల మీద ఇనుప గరిటలో సీసం కరిగించి, పైకి తేలిన మడ్డి తీసేసి, ఆ రంధ్రంలోంచి పోసేవారు. క్షణాల్లో గడ్డకట్టేది. పిడులు విప్పితే వెండిలా మెరిసే గుండు కింద పడేది. దానికి అంటుకున్న తోకను కత్తిరించి, ఆ ముక్కను మళ్లీ గరిటలోనే వేసేవారు.

పనితనమంతా వేడిలో ఉంది. సాంచా చల్లగా ఉంటే సీసం గుంటంతా పారకముందే బిగుసుకుని, గుండు ముడతలు పడుతుంది. మరీ కాలిపోతే పైన మంచు పట్టినట్టు గరుకు తేలుతుంది. అందుకే మొదటి నాలుగైదు గుండ్లను ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. అవి సాంచాను వేడి చేయడానికే. గుంటలకు దీపపు మసి పట్టించడం కూడా పాత అలవాటే. మసి వల్ల సీసం నెమ్మదిగా చల్లారుతుంది, అంటుకోకుండా జారుతుంది. గుండు లోపల గాలి బుడగ మిగిలిపోతే పైకి ఏమీ కనిపించదు. కానీ బరువు ఒక పక్కకు ఒరిగి, గుండు గురి తప్పుతుంది. జాగ్రత్తగల వేటగాళ్లు ప్రతి గుండునూ త్రాసులో తూచి, తేలికగా తేలినవాటిని పక్కన పడేసేవారు.

తుపాకుల కొలత పద్ధతి కూడా ఈ గరిట దగ్గరే పుట్టింది. మన పల్లెల్లో నేటికీ వినిపించే 'పన్నెండు బోరు' అనే మాట వెనక ఉన్నది అంగుళమో మిల్లీమీటరో కాదు, సీసం. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం పన్నెండు బోరు. కావాలంటే లెక్క కట్టి చూడొచ్చు. పౌను 454 గ్రాములు. అందులో పన్నెండో వంతు దాదాపు 38 గ్రాములు. ఘన సెంటీమీటరు సీసం 11.34 గ్రాములు తూగుతుంది కాబట్టి ఆ గుండు వ్యాసం పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. బోరు అంకె తగ్గేకొద్దీ గొట్టం లావెక్కుతుంది. ఏనుగు వేటకు వాడిన నాలుగు బోరు తుపాకిలో ఒక్క గుండే పావు పౌను, 113 గ్రాములు. గొట్టం లోపలి వెడల్పు దాదాపు 27 మిల్లీమీటర్లు. దాని ఎదురుదెబ్బ తిన్న భుజం సంగతి వేరే చెప్పాలా?

ఇంతకీ సీసమే ఎందుకు? బరువైనది, మెత్తనిది, అన్నిటికన్నా ముఖ్యంగా 327 డిగ్రీలకే కరిగిపోయేది. కట్టెల పొయ్యి ఆ వేడిని ఇట్టే ఇస్తుంది. తెలుగు నేలకు ఈ లోహం కొత్తేం కాదు. శాతవాహనులు సీసంతో నాణేలు వేశారు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాల్లో అవి దొరికాయి. పల్నాడులో అగ్నిగుండాల దగ్గర సీసం నిక్షేపాలున్నాయి, హిందుస్థాన్ జింక్ సంస్థ అక్కడ గని కూడా నడిపింది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవులో ఇంగ్లిష్ కంపెనీ ఓడలు దింపిన సరుకుల్లోనూ సీసం ఉండేది.

కిషన్‌బాగ్‌లో ఆటో ఎక్కి, మూసీ దాటి ఆబిడ్స్ వైపు వెళ్తే గన్‌ఫౌండ్రీ వస్తుంది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో అక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు. ఫిరంగి పోయాలంటే కంచు కావాలి, దాన్ని కరిగించడానికి వెయ్యి డిగ్రీలకు చేరువగా మండే కొలిమి కావాలి, పదుల కొద్దీ పనివాళ్లు కావాలి, వీళ్లందరినీ పోషించే ఖజానా కావాలి. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. అదే ఏడు అక్టోబర్‌లో బ్రిటిష్ వాళ్లు నిజాంతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అతని పటాలాన్ని నిరాయుధం చేశారు. ఫిరంగుల కార్ఖానాను ఇలా ఒక ఒప్పందంతో మూయించొచ్చు. ఇంటింటి గరిటనూ మూయించడం ఎవరి తరం? 1878 ఆయుధ చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అవసరమనుకుంటే సీసం, గంధకం, సూరేకారాలను కూడా 'సైనిక సామగ్రి' కింద కట్టడి చేసే అధికారాన్ని ప్రభుత్వం అందులో రాసిపెట్టుకుంది.

గుండ్రటి సీసం గుండుకు పుట్టుకతోనే ఒక చిక్కు ఉంది. నల్ల తుపాకిమందు పేలిన ప్రతిసారీ గొట్టం లోపల మసి పేరుకుంటుంది. గుండు బిగుతుగా ఉంటే రెండో మారు మూతి నుంచి దిగదు. వదులుగా ఉంటే మందు పీడనం సగం పక్కసందుల్లోంచి పారిపోతుంది. బ్రిటిష్ సిపాయిల బ్రౌన్ బెస్ తుపాకి గొట్టం 19 మిల్లీమీటర్లయితే అందులో వేసే గుండు పదిహేడున్నర. గొట్టంలో అటూ ఇటూ తగులుకుంటూ బయటికొచ్చే గుండు ఎటు పోతుందో చెప్పడం కష్టం. గొట్టంలో మెలితిరిగిన గాడులున్న రైఫిల్లో గుండు గిరగిర తిరుగుతూ సూటిగా పోతుంది. కానీ అందులోకి దాన్ని సుత్తితో కొట్టి దించాల్సి వచ్చేది.

ఈ ముడి విప్పే ఉపాయం దక్షిణ భారతదేశంలో తట్టిందని చెబుతారు. 1820ల్లో ఇక్కడ పనిచేసిన కెప్టెన్ జాన్ నార్టన్ స్థానికులు ఊదుడుగొట్టంలో వాడే బాణాలను పరిశీలించాడు. బాణం అడుగున మెత్తటి బెండు ఉండేది. ఊదగానే అది ఉబ్బి గొట్టాన్ని నిండుగా పట్టేసేది, గాలి వృథాగా పోయేది కాదు. సీసం కూడా మెత్తనిదే కదా! అడుగున గుల్ల ఉన్న కోలగుండును తయారుచేస్తే అది వదులుగా దిగుతుంది, మందు పేలగానే అడుగు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. నార్టన్ చూపిన నమూనాను బ్రిటిష్ సైనిక శాఖ తోసిపుచ్చింది. 1830ల్లో విలియం గ్రీనర్ అనే తుపాకుల తయారీదారు తెచ్చిన నమూనాకూ అదే గతి పట్టింది. 1849లో ఫ్రెంచి కెప్టెన్ మినియే అదే సూత్రంతో గుండు చేయగానే మాత్రం బ్రిటన్ అతనికి 20 వేల పౌన్లు చెల్లించింది. గ్రీనర్ పోరి పోరి 1857లో వెయ్యి పౌన్లు రాబట్టుకున్నాడు. బెండు బాణం చేసినవాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ గుండు సంతతిలోదే ఎన్‌ఫీల్డ్ తూటా. దాని కాగితానికి పూసిన కొవ్వు 1857లో సిపాయిల్లో ఏం రాజేసిందో అందరికీ తెలిసిన కథే.

కోలగుండు వచ్చాక గుండ్రటి గుండు పని అయిపోయిందనుకున్నారు. జేమ్స్ ఫోర్సిత్ ఒప్పుకోలేదు. ఆదిలాబాద్‌కు ఉత్తరాన మధ్య పరగణాల అడవుల్లో తిరిగిన ఈ సైనికాధికారి 1863లో వేట రైఫిళ్ల మీద ఒక పుస్తకమే రాశాడు. దట్టమైన అడవిలో పులి కనిపించేది వంద గజాల లోపే, అక్కడ కావలసింది దూరం కాదు, దెబ్బ. అందుకు పెద్ద బోరు, ఎక్కువ మందు, గుండ్రటి గుండు, చాలా నెమ్మదిగా తిరిగే గాడులు కావాలన్నది అతని వాదన. ఆ దూరాలకు అతను చెప్పింది నిజమే.

పెద్ద జంతువు ఎముకకు తగిలి పచ్చి సీసం అప్పచ్చి అయిపోకుండా అందులో తగరం కలిపేవారు, తర్వాత ఆంటిమొనీ కలిపారు. తగరం వల్ల కరిగిన లోహం సాంచా మూలమూలకూ పారుతుంది, ఆంటిమొనీ గట్టితనం ఇస్తుంది. ఈ మూడూ కలిసిన లోహం అచ్చాఫీసు వాళ్లకూ పాత నేస్తమే. తెలుగు ప్రెస్సుల్లో కంపోజిటర్లు కేసుల్లోంచి ఏరి కూర్చిన అచ్చులు, హల్లులు, ఒత్తులన్నీ ఈ కుటుంబపు లోహంతో పోసినవే. లైనోటైప్ లోహంలో ఆంటిమొనీ 12 శాతం, తగరం 4 శాతం, మిగతాది సీసం. అమెరికాలో పాత అచ్చు యంత్రాలు మూలపడ్డాక, ఆ లోహం కోసం ఇంట్లో గుండ్లు పోసుకునేవాళ్లు ఎగబడ్డారు.

సీసం గుండును చివరికి దించేసింది వేగం. నల్ల తుపాకిమందుతో బ్రిటిష్ సైన్యపు మార్టినీ-హెన్రీ రైఫిల్ గుండు సెకనుకు 400 మీటర్ల దగ్గర ఆగేది. ఫ్రాన్స్ 1886లో పొగరాని మందుతో తెచ్చిన లెబెల్ రైఫిల్లో అది 600 దాటింది. ఆ వేగానికి మెత్తటి సీసం గాడుల్లో చీరుకుపోయి గొట్టానికి పూతలా అంటుకుంటుంది. స్విట్జర్లాండ్ అధికారి ఎడ్వర్డ్ రూబిన్ 1882లోనే దీనికి విరుగుడు కనిపెట్టాడు: సీసానికి రాగి తొడుగు. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల చివర ఆ తొడుగును మొనదగ్గర తెరిచి సీసాన్ని బయటపెట్టారు. ఆ తూటా ఒంట్లో విచ్చుకుని చేసే గాయాలు చూసి 1899 హేగ్ సమావేశం యుద్ధంలో దాన్ని నిషేధించింది. తొడుగు వేయడానికి ప్రెస్సు మిషన్లు కావాలి, కాబట్టి తూటా ఇంట్లోంచి ఫ్యాక్టరీకి తరలిపోయింది. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర చంపిన పులి పక్కన వైస్రాయ్ కర్జన్ దంపతులను రాజా దీన్‌దయాళ్ ఫోటో తీసేనాటికి వేట సరంజామా అంతా మారిపోయింది.

ఇవాళ ఇంటి పోత ముఖ్యంగా అమెరికాలో పాతకాలపు పెద్ద బోరు రైఫిళ్లను ఇష్టపడేవాళ్ల వ్యాపకం. నిదానంగా పోయే గుండుకు తొడుగు అక్కర్లేదు మరి. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అయినా ఈ పనిలో భయపడాల్సింది చట్టానికొక్కదానికే కాదు. మడ్డి తీసేటప్పుడు లేచే సీసపు ధూళి చేతులకూ బట్టలకూ అంటి ఇంట్లోకి వస్తుంది. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదనే హద్దేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కిషన్‌బాగ్‌కు దక్షిణాన ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిని పరీక్షించిన శాస్త్రవేత్తలు అందులో సీసం మోతాదు ఎక్కువగా ఉందని 2008లో ప్రచురించారు. మట్టిలో చేరిన సీసం కుళ్లదు, ఆవిరి కాదు, అక్కడే ఉండిపోతుంది.

వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని సీసం తునకలు తిని కాండోర్ రాబందులు చనిపోతుండటంతో, కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. అక్కడ ఇప్పుడు ఎక్కువగా వాడేది రాగి తూటాలు. రాగి 1085 డిగ్రీల దగ్గర గానీ కరగదు. అందుకే వాటిని ఎవరూ గరిటతో పోయరు, కడ్డీల నుంచి లేత్ మీద చెక్కుతారు లేదా ప్రెస్సులో నొక్కి తీస్తారు.